గ్రీనిచ్‌తో మొదలుపెట్టండి, పాప చేతికి కీ ఇచ్చే వాచీ కట్టండి

నమస్కారం అండీ. మీ పాపకు పదేళ్లని, పాడైన గోడ గడియారాన్ని విప్పి చూసిన రోజు నుంచి ధ్యాసంతా ఆ పళ్ల చక్రాల మీదేనని రాశారు. తండ్రీకూతుళ్లు ఇద్దరే లండన్‌లో మూడున్నర రోజులు ఉంటారు. మొదట బిగ్ బెన్ టవర్ ఎక్కడం, తర్వాత బాండ్ స్ట్రీట్ వాచీ షోరూములు, ఓపిక మిగిలితే ఆఖరి రోజు గ్రీనిచ్ ఖగోళ అబ్జర్వేటరీ. ఈ ప్లాను బాగుందా అని అడిగారు.

వరస తిరగేయండి. గ్రీనిచ్‌కి మొదటి రోజే వెళ్లాలి, అదీ మధ్యాహ్నం ఒంటిగంట లోపే చేరాలి. బిగ్ బెన్ టవర్ లోపలికి 11 ఏళ్లు నిండని పిల్లల్ని రానివ్వరు, కాబట్టి ఎక్కే ఆశ ఈసారికి మానుకోండి. కింద నిలబడి చేసే పని ఒకటుంది, అది చివర చెబుతాను. షోరూములు మాత్రం పూర్తిగా వదిలేయమంటాను. అద్దం వెనక ఉన్న వాచీ పదేళ్ల పిల్లకు ధర తప్ప ఏమీ చెప్పదు. గడియారం విప్పి చూసిన పిల్లకు కావలసింది లోపల ఏం జరుగుతోందో, అసలు అంత కచ్చితమైన టైము ఎవరికి ఎందుకు అవసరమైందో తెలియడం. లండన్‌లో ఆ కథ ఒక చోట మొదలై ఊరంతా నడుస్తుంది. నేను వాచీల మరమ్మతు చేసినవాణ్ణి. చుట్టాల పిల్లల్నీ స్నేహితుల పిల్లల్నీ ఈ దారిలోనే తిప్పాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

బయలుదేరే ముందు ఒక పని చేయండి. పాప చేతికి సరిపోయే కీ ఇచ్చే వాచీ గానీ, చేయి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్ గానీ సంపాదించండి. తాతగారి పాతది బీరువాలో ఉంటే అదే మేలు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ వద్దు. దానిలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మూడు రోజుల్లో దాని తేడా కంటికి ఆనదు. మెకానికల్ వాచీ రోజుకు కొన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుంది. ఆ తేడాయే మీ ప్రయాణానికి ఊపిరి. దానితో పాటు ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు, రెండు మీటర్ల గట్టి దారం కూడా సంచిలో వేసుకోండి.

ఆ వాచీ ఎందుకో చెప్పాలంటే రూత్ బెల్విల్ గురించి చెప్పాలి. 1836లో గ్రీనిచ్ అబ్జర్వేటరీలో పనిచేసే జాన్ హెన్రీ బెల్విల్ లండన్‌లోని గడియారాల వ్యాపారుల దగ్గరికి సరైన టైము మోసుకెళ్లడం మొదలుపెట్టాడు. జాన్ ఆర్నాల్డ్ చేసిన జేబు క్రోనోమీటరు, అంటే చాలా కచ్చితమైన జేబు వాచీ, ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని అబ్జర్వేటరీ గడియారంతో పోల్చుకుని, చందా కట్టిన షాపులకు వెళ్లి చూపించేవాడు. 1856లో ఆయన పోయాక భార్య మరియా ఆ పని అందుకుంది. 1892 నుంచి కూతురు రూత్. టెలిగ్రాఫు వచ్చింది, రేడియో వచ్చింది, 1936లో ఫోనులో టైము చెప్పే సర్వీసు కూడా వచ్చింది. అయినా ఆమె 1940 దాకా ఆ వాచీని చేతిసంచిలో పెట్టుకుని లండన్ వీధుల్లో తిరుగుతూనే ఉంది. ఆ వాచీని ఇంట్లో అందరూ ‘ఆర్నాల్డ్’ అనే పిలిచేవారు, మనిషిని పిలిచినట్టు. ఈ కథ విమానంలోనే పాపకు చెప్పండి. గ్రీనిచ్ నుంచి టైము తీసుకుని నాలుగు రోజులు ఊరంతా మోసే పని ఇక తనదని చెప్పండి.

ఇక్కడే వృత్తిలో ఉన్నవాళ్లకు తప్ప తట్టని కిటుకు ఒకటి ఉంది. వాచీ తేడా చూపించినప్పుడల్లా ముల్లు తిప్పి సరిచేయకండి. తేడా ఎంతో రాసుకోండి, అంతే. ఓడల మీద క్రోనోమీటరును అలాగే వాడేవారు. రూత్ కూడా తన వాచీ ఆరోజు ఎన్ని సెకన్లు తేడాగా ఉందో అబ్జర్వేటరీ రాసిచ్చిన కాగితాన్ని వెంట తీసుకెళ్లేది. మంచి గడియారమంటే ఎప్పుడూ సరైన టైము చూపేది కాదు. రోజూ ఒకే కొలతలో తప్పు చూపేది. రోజుకు సరిగ్గా 8 సెకన్లు ముందుకు పోయే వాచీ ఉంటే లెక్కేసి అసలు టైము చెప్పొచ్చు. ఇవాళ 2, రేపు 15 పోయేదాన్ని నమ్మి సముద్రం మీదికి వెళ్లలేం. పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది, పెద్దవాళ్లకే కొంచెం టైము పడుతుంది.

మొదటి రోజు వెస్ట్‌మినిస్టర్ రేవు నుంచి పడవలో గ్రీనిచ్ వెళ్లండి. రైలు త్వరగా చేరుస్తుంది, కానీ పడవలోంచి కొండ మీద అబ్జర్వేటరీ, దాని శిఖరం మీద ఎర్రటి బంతి కనిపిస్తాయి. ఆ బంతిని 1833లో పెట్టింది థేమ్స్ నదిలో ఆగి ఉన్న ఓడల కోసమే. రోజూ 12:55కు బంతి సగం దాకా లేస్తుంది, 12:58కి పై దాకా వెళ్తుంది, సరిగ్గా ఒంటిగంటకు పడుతుంది. నావికులు చూడాల్సింది అది కిందికి చేరే క్షణాన్ని కాదు, కదలడం మొదలైన క్షణాన్ని. పన్నెండుకు కాకుండా ఒంటిగంటకు ఎందుకని పాప అడుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఖగోళ శాస్త్రవేత్తలు సూర్యుడు మధ్యాహ్న రేఖ దాటడాన్ని కొలుస్తూ తీరిక లేకుండా ఉండేవారు, అందుకని.

కొండ ఎక్కడానికి పిల్లలతో పావుగంట పైనే పడుతుంది. 12:40కల్లా పైన ఉండండి. మీరు బంతిని చూస్తూ "ఇప్పుడు" అనండి, పాప తన సెకన్ల ముల్లు ఎక్కడుందో చూసి రాసుకుంటుంది. ఇద్దరూ రెండు పనులు పంచుకోవాలి, ఒక్కరే బంతినీ ముల్లునీ చూడలేరు.  గాలి బలంగా ఉన్న రోజు బంతిని ఎత్తరు. అప్పుడు గేటు పక్కన గోడలో ఉన్న షెపర్డ్ గడియారాన్ని వాడుకోండి. 1852 నాటిది. టికెట్టు లేకుండానే చూడొచ్చు. దాని డయల్ మీద 24 గంటలు ఉంటాయి, మధ్యాహ్నం పన్నెండుకు గంటల ముల్లు నిట్టనిలువుగా కిందికి చూస్తుంది. వేసవిలో ఊరంతా గడియారాలు గంట ముందుకు జరిపినా ఇది జరగదు, గ్రీనిచ్ టైమే చూపుతుంది. మీరు వేసవిలో వెళ్తే, టైమెంతో చెప్పమని పాపను అడిగి ఓపిగ్గా ఊరుకోండి. చిక్కుముడి తనే విప్పుకోవాలి.

లోపలికి టికెట్టు ఉంటుంది. అక్కడ చూడాల్సినవి చాలా ఉన్నా, నేను సగానికి పైగా టైము ఒకే వరస ముందు గడపమంటాను. అవి జాన్ హారిసన్ ఓడల కోసం చేసిన నాలుగు గడియార యంత్రాలు.

వాటి ముందు నిలబడే ముందే కథ చెప్పి ఉంచండి. 1707లో సిల్లీ దీవుల దగ్గర బ్రిటిష్ నౌకాదళం ఓడలు నాలుగు రాళ్లకు కొట్టుకుని మునిగిపోయాయి, వెయ్యిమందికి పైగా నావికులు చనిపోయారు. తామెక్కడున్నామో వాళ్లకు తెలియలేదు. ఉత్తర దక్షిణాలు నక్షత్రాల ఎత్తుతో తెలుస్తాయి, తూర్పు పడమరలు తెలియాలంటే టైము కావాలి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి 4 నిమిషాలు. బయలుదేరిన రేవులో ఇప్పుడు టైమెంతో చెప్పే గడియారం ఓడలో ఉంటే, సూర్యుణ్ణి చూసి ఇక్కడి టైము కనుక్కుని, రెంటి తేడాతో ఎంత దూరం వచ్చామో లెక్కకట్టొచ్చు. గడియారం ఒక్క నిమిషం తప్పితే భూమధ్యరేఖ దగ్గర దాదాపు 28 కిలోమీటర్లు తప్పుతాం. 1714లో బ్రిటిష్ పార్లమెంటు అర డిగ్రీ లోపు చెప్పగలిగిన వాళ్లకు 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. అర డిగ్రీ అంటే రెండు నిమిషాలు. ఆరు వారాల ప్రయాణంలో రెండు నిమిషాలంటే రోజుకు మూడు సెకన్ల కన్నా తక్కువ. ఈ భాగహారం పాప చేత నోటు పుస్తకంలో చేయించండి, ఆఖరి రోజు పనికొస్తుంది.

ఆ బహుమతి కోసం పనిచేసిన హారిసన్ వడ్రంగి. 1735లో పూర్తయిన మొదటి యంత్రం 34 కిలోల ఇత్తడి. ఓడ ఊగితే లోలకం పనిచేయదు కదా, అందుకని ఒకదానికొకటి ఎదురుగా ఊగే రెండు కడ్డీలను స్ప్రింగులతో కలిపాడు. ఓడ కుదుపు ఒకదాన్ని తొందరపెడితే రెండోదాన్ని ఆలస్యం చేస్తుంది, లెక్క సరిపోతుంది. ఆ కడ్డీలు ఇప్పటికీ ఊగుతున్నాయి. పాపను కదపకండి, ఎంతసేపు చూస్తే అంతసేపు చూడనివ్వండి. రెండోది ఇంకా బరువు. మూడోదాని మీద 19 ఏళ్లు గడిపాడు. తర్వాత నాలుగోది కనిపిస్తుంది: 13 సెంటీమీటర్ల వెడల్పున్న పెద్ద జేబు వాచీ! అంత పెద్ద యంత్రాల తర్వాత ఇంత చిన్నది ఎలా గెలిచిందని పిల్లలు అడిగి తీరతారు. చిన్న చక్రం వేగంగా ఊగితే ఓడ కుదుపులు దాన్ని అంతగా కదిలించలేవు. పాప చేతి వాచీని చెవి దగ్గర పెట్టుకోమనండి. చాలా మెకానికల్ వాచీలు సెకనుకు ఆరో ఎనిమిదో దెబ్బలు కొడతాయి, అదే సూత్రం. నాలుగోది మాత్రం ఆగి ఉంటుంది. దానికి నూనె కావాలి, నడిపితే అరుగుతుంది, అందుకే నడపరు.

1761లో దాన్ని పరీక్షించడానికి జమైకా వెళ్లింది ముసలి హారిసన్ కాదు, ఆయన కొడుకు విలియం. రోజువారీ తేడాను లెక్కలోంచి తీసేశాక 81 రోజుల్లో ఆ వాచీ తప్పింది 5 సెకన్లు. అయినా బహుమతి డబ్బు కోసం తండ్రీకొడుకులు ఇంకో పన్నెండేళ్లు పోరాడాల్సి వచ్చింది. తండ్రి చేసిన వాచీని కొడుకు సముద్రం దాటించాడు, తండ్రి మోసిన టైమును కూతురు మోసింది. మీరిద్దరూ కలిసి వెళ్లడానికి ఇంతకన్నా తగిన ఊరు నాకు తోచదు.

బయటికి వచ్చే ముందు సున్నా రేఖాంశం గీత మీద అందరిలాగే ఫొటో దిగండి. తర్వాత ఫోనులో జీపీఎస్ తెరవండి. సున్నా అక్కడ కనిపించదు, తూర్పుగా 102 మీటర్లు నడిస్తే పార్కు మధ్యలో వస్తుంది. గీతలో తప్పేం లేదు. ఆ గీతను నిర్ణయించిన పాత టెలిస్కోపు నిట్టనిలువు దిక్కును అక్కడి గురుత్వాకర్షణతో నిర్ణయించుకుంది, జీపీఎస్ భూమి కేంద్రం నుంచి లెక్కిస్తుంది. నడిచి ఆ సున్నాను పట్టుకోవడం పిల్లలకు ఆ గీత కన్నా ఇష్టం.

ఆ రాత్రి హోటల్ గదిలో దారం తీయండి. చివర తాళంచెవి కట్టి 25 సెంటీమీటర్ల పొడవుతో ఊపితే, వెళ్లి రావడానికి ఒక సెకను పడుతుంది. మీటరు చేస్తే రెండు సెకన్లు. పొడవు నాలుగింతలైతే టైము రెండింతలే. 1676లో అబ్జర్వేటరీ కోసం లండన్ గడియారాల పనివాడు టామ్పియన్ చేసిన గడియారాలకు 13 అడుగుల లోలకాలు ఎందుకో ఇప్పుడు పాపే చెబుతుంది. అది మీటరుకు నాలుగింతలు, వెళ్లి రావడానికి నాలుగు సెకన్లు, అంటే ఒక్కో ఊపుకు రెండు.

రెండో రోజు సైన్స్ మ్యూజియం. ప్రవేశం ఉచితం, ముందే ఆన్‌లైన్‌లో టైము బుక్ చేసుకోండి. నేరుగా క్లాక్‌మేకర్స్ మ్యూజియం గ్యాలరీకి వెళ్లండి. 1631లో ఏర్పడిన గడియారాల పనివాళ్ల సంఘం సేకరణ అది, 2015 నుంచి ఇక్కడ ఉంది. వందల వాచీలున్నాయి, అన్నీ చూస్తే ఏదీ గుర్తుండదు. మూడింటిని వెతకడం పాప పని: రూత్ బెల్విల్ ఆర్నాల్డ్, హారిసన్ అయిదో యంత్రం, 1953లో ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు మీదికి పెట్టుకెళ్లిన స్మిత్స్ చేతివాచీ. అయిదోదాన్ని మూడో జార్జి రాజు స్వయంగా పరీక్షించాడు. అది నెగ్గాకే 1773లో పార్లమెంటు హారిసన్‌కు మిగిలిన డబ్బు ఇచ్చింది. ఈ రోజూ రేపూ ఒంటిగంటకు ఎక్కడున్నా ఆగి, ఫోనుతో పోల్చి తేడా రాయడం మరచిపోకండి.

ఫోనుకు టైము ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ మ్యూజియం సేకరణలోనే ఉంది. 1955లో లూయిస్ ఎసెన్, జాక్ ప్యారీ కలిసి చేసిన సీసియం అణు గడియారం అది. ఆ రోజు ఎక్కడ పెట్టారో కౌంటరులో అడగండి. 1967 నుంచి సెకను అంటే సీసియం పరమాణువు వెలువరించే తరంగం 9,192,631,770 డోలనాలు. అప్పటిదాకా భూమి తిరుగుడే గడియారం. ఇప్పుడు భూమి తిరుగుడునే గడియారంతో తనిఖీ చేస్తున్నారు. మధ్యాహ్నం నుంచి పాప ఇష్టం. విమానాలో, రాకెట్లో, ఏం చూస్తానంటే అవి.

మూడో రోజు పొద్దున బ్రిటిష్ మ్యూజియం, 38, 39 గదులు. గంట కొట్టడానికి పది నిమిషాల ముందు వెళ్తే నడిచే గడియారాలు కొన్ని మోగడం వినొచ్చు. పెద్ద ఇనుప గోపుర గడియారం కప్పేమీ లేకుండా నిలబడి ఉంటుంది, ఏ చక్రం దేన్ని తిప్పుతుందో వేలితో చూపిస్తూ చెప్పొచ్చు. కాంగ్రీవ్ గడియారంలో చిన్న బంతి వంకర దారిలో దొర్లుతుంది, చివరికి చేరగానే పలక అటు వాలుతుంది. 1585 ప్రాంతంలో జర్మనీలో చేసిన ఓడ బొమ్మ గడియారం ఒకప్పుడు విందు బల్ల మీద కదులుతూ పాటలు వాయించి తుపాకులు పేల్చేది. ఈ మూడూ చాలు.

అక్కణ్ణుంచి కొంచెం నడిస్తే రెడ్ లయన్ స్క్వేర్. హారిసన్ 1776లో ఇక్కడే పోయాడు, గోడకు ఫలకం ఉంది. అలాగే ఫ్లీట్ స్ట్రీట్ వైపు దిగితే సెయింట్ డన్‌స్టన్ చర్చి మీద 1671 నాటి గడియారం, గదలతో గంటలు కొట్టే ఇద్దరు రాక్షసులు. పావుగంటకోసారి కొడతారు, కాబట్టి ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. నిమిషాల ముల్లుతో లండన్ వీధిలో వెలిసిన మొదటి గడియారం ఇదేనని చెబుతారు. అంతకు ముందు నిమిషాల ముల్లు ఎందుకు లేదు? రోజుకు పావుగంట తప్పే గడియారానికి దానితో పనేముంది. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ గడియారానికి లోలకం పెట్టాకే నిమిషానికి అర్థం వచ్చింది.

ఎండ కాస్తే సెవెన్ డయల్స్ కూడలికి కూడా వెళ్లండి. స్తంభం మీద నీడ గడియారాలు ఆరే ఉంటాయి, ఏడోది ఏదో పాపను కనుక్కోమనండి (స్తంభమే). మబ్బు పడితే వదిలేయండి. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో టామ్పియన్, ఆయన దగ్గర పనిచేసిన గ్రాహం ఒకే రాయి కింద ఉన్నారు, హారిసన్ పేరుతో 2006లో పెట్టిన ఫలకమూ ఉంది. కానీ టికెట్టు ఖరీదైనది, గడియారాల కోసమే అయితే అక్కర్లేదు.

ఆఖరి పూట పన్నెండుకు బిగ్ బెన్ దగ్గరికి చేరండి. ముందు కింద నిలబడి వినండి. గంట మొదటి దెబ్బే అసలు టైము, దానికి ముందు వచ్చే పాట కాదు. లోపల లోలకం మీద పాత పెన్నీ నాణేలు పేర్చి ఉంటాయి. ఒక పెన్నీ పెడితే గడియారం రోజుకు 0.4 సెకను ముందుకు జరుగుతుంది. 1859 నుంచి నడుస్తున్న యంత్రాన్ని ఇప్పటికీ అలాగే సరిదిద్దుతారు. తర్వాత వంతెన దాటి అవతలి ఒడ్డుకు వెళ్లి ఒంటిగంట కోసం ఆగండి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, ఆ దెబ్బ మీ ఫోను టైము కన్నా కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఆలస్యమో పాప లెక్కగట్టి, దాన్ని తీసేసి, తన వాచీ ఆఖరి తేడా రాసుకోవాలి.

ఇప్పుడు పుస్తకంలో మూడు రోజుల తేడాలు ఉంటాయి. ఉదాహరణకు 8, 9, 7 సెకన్లు వచ్చాయనుకోండి: సగటు 8, అటూ ఇటూ ఒక్కటే తేడా. తాతగారి పాత వాచీకి అది గొప్ప నడక. 3, 20, 9 వస్తే కీ సరిగ్గా ఇస్తున్నారో లేదో చూడండి. రోజూ ఒకే టైముకు, నిండుగా ఇవ్వాలి. రాత్రి ఒకరోజు వెల్లకిలా, ఒకరోజు పక్కకు పెట్టినా తేడా మారుతుంది. ఒక్కసారిగా నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే అయస్కాంతం పట్టి ఉంటుంది. ఫోను కవర్ల, సంచుల మాగ్నెట్లకు దూరంగా ఉంచండి. ఏ వాచీ బాగుచేసేవాళ్లైనా నిమిషంలో తీసేస్తారు.

టికెట్ల సంగతి: గ్రీనిచ్‌లో మరమ్మతుల వల్ల కొన్ని భాగాలు, బ్రిటిష్ మ్యూజియంలో సిబ్బంది లేక కొన్ని గదులు మూసి ఉండొచ్చు. వెళ్లే వారం ముందు వాళ్ల వెబ్‌సైట్లు చూసుకోండి. హారిసన్ గ్యాలరీ మూసి ఉంటే మాత్రం తేదీలు మార్చుకోమనే చెబుతాను. మిగతా ఏది మూసినా ప్రయాణం ఆపక్కర్లేదు.